సాగర్ నిండింది కదా, నాగార్జునకొండ లాంచీ, శ్రీశైలం లాంచీ రెండూ ఉంటాయా?

మీరు అడిగింది ఏంటంటే, వచ్చే వారం హైదరాబాద్ నుంచి అమ్మానాన్నల్ని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని సాగర్ వస్తున్నారు, గేట్లు ఎత్తారని టీవీలో చూశారు, ఇన్ని నీళ్ళున్నాయి కాబట్టి బోటింగ్‌కి ఇదే మంచి టైమ్ కదా అని. మాది సాగర్ డ్యామ్ పక్కనే ఉన్న విజయపురి సౌత్ అండి. మా బాబాయి చాలా ఏళ్ళు లాంచీ మీద పనిచేశాడు, సెలవులొస్తే నేను ఇంట్లో కంటే రేవులోనే ఎక్కువ ఉండేవాణ్ణి, ఇప్పుడు గుంటూరులో ఉద్యోగం అయినా పండక్కీ పబ్బానికీ వెళ్తూనే ఉంటా. కాబట్టి నాకు తెలిసినంతలో చెప్తా.

ముందు సూటిగా జవాబు. గేట్లు ఎత్తి ఉన్న రోజుల్లో శ్రీశైలం లాంచీ మీద ఆశ పెట్టుకోకండి. నాగార్జునకొండ, అంటే సాగర్ నీళ్ళ మధ్యలో ఉన్న దీవి, అక్కడికి పోయే లాంచీ మాత్రం ఆ పొద్దున గాలి ఎలా ఉంది, పైనుంచి ఎంత నీరొస్తోంది చూసి తిప్పుతారు, లేదా ఆపేస్తారు, ముందు రోజు రాత్రి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. మీ ప్రోగ్రామ్ ఒక నెల ఆలస్యంగా పెట్టుకోగలిగితే, అంటే గేట్లు దించేసి డ్యామ్ ఇంకా నిండుగా ఉండే టైమ్‌కి, చాలా ఏళ్ళల్లో అది అక్టోబర్, నవంబర్ అవుతుంది, అప్పుడు రండి.

అందరూ చేసే పొరపాటు ఏంటంటే నీటిమట్టం అంకె ఒక్కటే చూడటం. 590 అడుగులు ఫుల్ లెవెల్, 588 ఉంది, సూపర్ అనుకుంటారు. బోటు నడిపేవాళ్ళకి ఎంత ఉందన్నది రెండో విషయం, ఎంత స్పీడుగా మారుతోందన్నదే మొదటి విషయం. 588 దగ్గర వారం రోజులు కదలకుండా ఉన్న సాగర్ మీద పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళొచ్చు, అదే 560 నుంచి 570కి ఎగబాకుతున్న సాగర్ అంటే సరంగు, అంటే లాంచీ నడిపేవాడు కూడా మొహం చిట్లిస్తాడు.

ఎంత స్పీడు అంటే చిన్న లెక్క చెప్తా, మీరు ఇంట్లో కూర్చుని కూడా వేసుకోవచ్చు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ. ఫుల్ లెవెల్ దగ్గర్లో సాగర్ ఒక్క అడుగు పెరగాలంటే సుమారు 3 టీఎంసీలు కావాలి. అంటే ఇన్‌ఫ్లోకీ అవుట్‌ఫ్లోకీ తేడా 35 వేల క్యూసెక్కులుంటే రోజుకి ఒక అడుగు, పెద్ద విషయం కాదు. అదే పైన శ్రీశైలం గేట్లన్నీ ఎత్తి మూడున్నర లక్షలు వదుల్తున్నారు, ఇక్కడ ఇంకా గేట్లు ఎత్తలేదు అనుకోండి, రోజుకి పది అడుగులు, గంటకి అయిదు అంగుళాలు. పొద్దున కాలు పెట్టిన మెట్టు మధ్యాహ్నానికి కనపడదు. డ్యామ్ ఖాళీగా ఉన్నప్పుడైతే నీళ్ళు పరుచుకునే చోటు తక్కువ కాబట్టి ఇంకా తొందరగా లేస్తుంది. 2024లో చూశాం కదా, ఏప్రిల్‌లో హైదరాబాద్ తాగునీటికి పుట్టంగండి దగ్గర ఎమర్జెన్సీ పంపింగ్ పెట్టాల్సి వచ్చింది, జూలై చివర్లో శ్రీశైలం గేట్లు ఎత్తారు, ఆగస్టు 5కి ఇక్కడ సాగర్ గేట్లే ఎత్తేశారు. ఎండాకాలం అంతా మేకలు మేసిన నేల వారం పది రోజుల్లో నీళ్ళ కిందకి పోయింది.

ఇంకో తమాషా ఏంటంటే ఆ నీళ్ళకీ మా ఊళ్ళో వానకీ సంబంధం ఉండదు. వాన పడేది ఎక్కడో మహారాష్ట్రలో, కర్ణాటకలో. అక్కణ్ణుంచి ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, ఇటు తుంగభద్ర, అన్నీ కలిసి శ్రీశైలానికి, శ్రీశైలం నుంచి మాకు. అందుకే సాగర్‌లో ఫెళ్ళున ఎండ కాస్తుంటుంది, మబ్బు ముక్క ఉండదు, కౌంటర్ దగ్గర మాత్రం లాంచీలు లేవు అని బోర్డు. జనం ఒకటే గొడవ, వానే లేదు కదా ఎందుకు ఆపారు, ఇంత దూరం వచ్చాం, మాకు తెలిసినాయన ఫలానా, ఇలా. పాపం టికెట్లిచ్చే అబ్బాయి మాత్రం ఏం చెప్తాడు. మీ టీవీలో మా ఊరి వెదర్ కాదు, శ్రీశైలం అవుట్‌ఫ్లో ఎంతో చూసుకోండి, వర్షాకాలంలో ఆ అంకె రోజూ పేపర్లో, న్యూస్‌లో వస్తూనే ఉంటుంది.

నీళ్ళు ఎక్కువైతే బోటుకి ఇంకా మంచిదే కదా, కింద రాళ్ళు తగలవు కదా అని మీరు రాశారు. సగం నిజం. సాగర్ అడుగున ఉన్నది చదును నేల కాదు, లోయ, గుట్టలు, పాత ఊళ్ళు. డ్యామ్ బాగా తగ్గినప్పుడు గుట్ట బయటికి కనపడుతుంది, సరంగు చుట్టూ తిప్పుకుపోతాడు. పూర్తిగా నిండాక అదే గుట్ట యాభై అరవై అడుగుల లోతులో ఉంటుంది, దాని మీదుగా దర్జాగా పోవచ్చు. ప్రమాదం మధ్యలో ఉంది, గుట్ట తల నీళ్ళకి రెండు మూడు అడుగుల కింద ఉన్న ఆ కొన్ని రోజులు. పైగా కొత్త నీరు ఎర్రగా మట్టితో ఉంటుంది, జానెడు లోతు కూడా కనపడదు. మా బాబాయి వాళ్ళు గుర్తులు పెట్టుకునేవాళ్ళు, ఫలానా తుమ్మచెట్టు కొమ్మ మునిగిందంటే దాని పక్కన బండ మీద ఎంత నీరుందో లెక్క. ఆ తుమ్మచెట్లతో కూడా బాధే, ఎండాకాలం ఖాళీ నేలలో కంప పెరుగుతుంది, నీళ్ళొచ్చాక మునిగి ప్రొపెల్లర్‌కి పట్టుకుంటుంది. దానికి తోడు ఎగువ నుంచి మొద్దులు కొట్టుకొస్తాయి, తెగిన వలలు కొట్టుకొస్తాయి. ఒకసారి నేను చూస్తుండగానే రేవుకి రెండొందల గజాల్లో లాంచీ ఆగిపోయింది, ఇంజన్ బానే తిరుగుతోంది కానీ కదలట్లేదు, ఒకాయన నడుముకి తాడు కట్టుకుని కొడవలి నోట కరుచుకుని దిగాడు, నైలాన్ వల చుట్టలు చుట్టలుగా కోసి పైకి విసిరాడు. అదృష్టం, ఆ రోజు గాలి లేదు.

గాలి అంటే గుర్తొచ్చింది. నిండిన సాగర్ అంటే నీళ్ళ మైదానం. నాగార్జునకొండకి పోయేదారిలో అడ్డం లేకుండా నీళ్ళు ఎంత దూరం పరుచుకుంటే గాలికి అల అంత ఎత్తు లేస్తుంది. వర్షాకాలంలో మధ్యాహ్నం తర్వాత నాకు తెలిసి గాలి పెరగడమే ఎక్కువ. సుమారు గంట ప్రయాణం, పెద్దవాళ్ళకి కడుపులో తిప్పుతుంది. అందుకని మొదటి ట్రిప్పుకే వెళ్ళండి. శుక్రవారం వద్దు, ఆ రోజు కొండ మీద మ్యూజియంకి సెలవు.

శ్రీశైలం లాంచీ కథ వేరు. 110 కిలోమీటర్లు ఎగువకి, నల్లమల లోయలో పోవాలి, ఆరేడు గంటలు. డ్యామ్‌లో నీళ్ళు తక్కువుంటే పై చివర కృష్ణ సన్నబడి రాళ్ళు తేలతాయి, లాంచీ పోలేదు. అలాగని వరద ఉన్నప్పుడు పోదామంటే లాంచీ దిగేది లింగాలగట్టు, అంటే శ్రీశైలం డ్యామ్ కిందే. పైన గేట్లు తెరిచి లక్షల క్యూసెక్కులు దూకుతుంటే ఆ మడుగులోకి ఎవరు పోతారు చెప్పండి. కాబట్టి సాగర్ నిండి ఉండాలి, శ్రీశైలం గేట్లు మూసి ఉండాలి, రెండూ కలిసిన కొన్ని వారాలే ఆ లాంచీకి. నీళ్ళు రాని ఏడాది అసలు ఉండదు. దొరికితే మాత్రం వదులుకోకండి, ఆ లోయ మలుపులు రోడ్డు మీద నుంచి కనపడవు.

కింద కామెంట్లో ఒకాయన ఊరికే భయపెడతారండీ, ఏం కాదు అని రాశారు. కచ్చులూరు మర్చిపోయినట్టున్నారు. 2019 సెప్టెంబర్ 15, గోదావరికి దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద, పాపికొండలు చూద్దామని బయల్దేరిన బోటు సుడిలో తిరగబడింది, యాభై మంది దాకా పోయారు. బోటు బయటికి తీయడానికే నెల దాటింది. అక్కడ నది, ఇక్కడ రిజర్వాయర్, రెండూ ఒకటి అనట్లేదు, కానీ వరద టైమ్‌లో రిజర్వాయర్ పై సగం కూడా నదిలాగే పారుతుంది. మనుషులు లేని బోట్లు కూడా ఊరుకోవు, 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఎగువ నుంచి బోట్లు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకుంటే కౌంటర్ వెయిట్లు, అంటే గేట్లు తేలిగ్గా లేవడానికి పెట్టే బరువు దిమ్మెలు, విరిగాయి. రేవులో కట్టేసిన బోటుకి కూడా నీళ్ళు పెరిగే రాత్రి కాపలా ఉండాలి, తాడు పొట్టిగా ఉంటే బోటు పైకి లేవలేక ముక్కు కిందకి లాగేసి నీళ్ళు ఎక్కుతాయి. మా బాబాయి అలాంటి రాత్రుళ్ళు టార్చిలైటు పట్టుకుని పోయి తాళ్ళు వదులు చేసి వచ్చేవాడు, పిన్ని తిట్టుకుంటూ మళ్ళీ అన్నం వేడి చేసేది.

మీ విషయంలో నిండిన డ్యామ్‌తో ఒక లాభం కూడా ఉంది, అమ్మానాన్నలకి మెట్లు తక్కువ. నీళ్ళు తగ్గినప్పుడు మెట్లన్నీ దిగి ఆ కింద మట్టిలో నడవాలి, నిండితే లాంచీ పైదాకా వస్తుంది. కానీ నీళ్ళు అప్పుడే దిగిన మెట్టు మీద పాకుడు ఉంటుంది, చెయ్యి పట్టుకోండి. పిల్లలకి పెద్దవాళ్ళ లైఫ్ జాకెట్ తగిలించి ఫోటో తీసుకోవడం కాదు, నీళ్ళల్లో పడితే జాకెట్ పైకి, పిల్లాడు కిందకి జారతారు, చిన్న సైజు అడిగి బెల్టులు బిగించండి, లేదంటే ఎక్కకండి. జనం ఎక్కువై లాంచీ కిక్కిరిసి ఉంటే తర్వాతి ట్రిప్పుకి ఆగండి. చేపలు పట్టేవాళ్ళు పుట్టిలో తిప్పుతాం రండి, మనిషికింత అంటారు, వరద రోజుల్లో మాత్రం నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. వాళ్ళు ఈత వచ్చినవాళ్ళు, మీ నాన్నగారికి రాకపోవచ్చు.

బయల్దేరే రోజు పొద్దున లాంచీ స్టేషన్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. లేదన్నారా, ప్రోగ్రామ్ పాడైందని కూర్చోకండి, గేట్లు ఎత్తిన సాగర్ చూడటానికే రాష్ట్రం నలుమూలల నుంచి వస్తారు, 26 గేట్ల నుంచి నీళ్ళు దూకుతుంటే తుంపర బ్రిడ్జి మీదకి వస్తుంది, పిల్లలు తడిసి ముద్దవుతారు, ఒక జత బట్టలు ఎక్స్‌ట్రా పెట్టుకోండి. అది అయ్యాక మాచర్ల రోడ్డులో ఎత్తిపోతల, పదకొండు కిలోమీటర్లే, అక్కడ 70 అడుగుల పైనుంచి చంద్రవంక దూకుతుంది, కింద మొసళ్ళ పెంపకం కేంద్రం కూడా ఉంది. ఆదివారం మాత్రం రాకండి, బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లోనే పూట గడిచిపోతుంది.