బ్లూగ్రాస్ గాస్పెల్ బ్యాండ్‌లో ఎవరెవరు ఉంటారు? డ్రమ్ములు లేకుండా తాళం ఎలా నిలుస్తుంది?

బ్లూగ్రాస్ అంటే తీగ వాద్యాలతో వాయించే అమెరికా పల్లె సంగీతం. ఆ బాణీలో పాడే క్రైస్తవ భక్తి పాటలే బ్లూగ్రాస్ గాస్పెల్. నేను అమెరికాలో, టెనెసీలోని జాన్సన్ సిటీలో మూడేళ్లు చదువుకున్నాను. మా ఇంటి ఓనరుగారు చర్చిల్లో పాడే ఓ చిన్న బ్యాండ్‌లో డబుల్ బేస్ వాయించేవారు. ప్రతి గురువారం రాత్రి వాళ్ల సాధన మా కింది గ్యారేజీలోనే. మొదట్లో మెట్ల మీద కూర్చుని వినేవాణ్ణి, తర్వాత నాకూ ఓ కుర్చీ వేశారు. అక్కడ చూసిందే చెబుతాను.

మామూలుగా ఐదుగురు ఉంటారు: గిటారు, మాండొలిన్, ఐదు తీగల బాంజో, ఫిడిల్ (మన వయొలినే), మనిషంత ఎత్తుండే డబుల్ బేస్. కొన్ని బ్యాండ్లలో డోబ్రో కూడా ఉంటుంది. గిటారు లాంటిదే, పడుకోబెట్టి ఇనుపకడ్డీ తీగల మీద జార్చి వాయిస్తారు.

ఇక తాళం సంగతి. మాండొలిన్ అనగానే మనకు పాలకొల్లు శ్రీనివాస్ గారు, ఆయన గమకాలు గుర్తొస్తాయి. ఇక్కడ అదే వాద్యం పని వేరు. డబుల్ బేస్ ఒకటి, మూడు దెబ్బల మీద "దుమ్" అంటే, మాండొలిన్ రెండు, నాలుగు దెబ్బల మీద "చక్" అంటుంది. తీగలు మీటిన మరుక్షణమే ఎడమచేతి వేళ్లు వదులు చేసి నాదాన్ని నొక్కేస్తారు. అందుకే అది స్వరంలా కాక దెబ్బలా వినిపిస్తుంది. దీన్ని వాళ్లు "చాప్" అంటారు. డ్రమ్ము పని ఈ రెండూ చేస్తాయి. మాండొలిన్ ఆయన తన వంతు వచ్చి సోలో ఎత్తుకోగానే ఆ "చక్" ఆగిపోతుంది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే ఫిడిలో బాంజోనో దాన్ని అందుకుంటుంది. నాకు బాగా నచ్చేది ఆ అందుకోవడమే.

బ్యాండంతా ఒక్క మైకు చుట్టూ నిలబడి వాయించడం పాత పద్ధతి, రేడియో రోజుల నుంచి ఉంది. సౌండు సరిచేసేది ఇంజనీరు కాదు, వాళ్ల కాళ్లే. సోలో ఉన్నవాళ్లు మైకు దగ్గరికి జరుగుతారు, మిగతావాళ్లు వెనక్కి తగ్గుతారు. గిటారు మెడ పక్కవారి మొహానికి తగలకుండా పైకెత్తి పట్టుకుని తిరగడం కూడా సాధనలో భాగమే.

అయితే గాస్పెల్‌కి ప్రాణం వాద్యాలు కాదు, నాలుగు గొంతులు. లీడ్ అసలు వరుస పాడుతుంది, టెనార్ దాని పైన, బారిటోన్ సాధారణంగా లీడ్ కింద, బేస్ అట్టడుగున. గుంటూరులో మా చర్చిలో హార్మోనియం, డోలక్ పెట్టుకుని అందరం ఒకే వరుస పాడేవాళ్లం. అందుకే నాలుగు వరుసలు విడివిడిగా నడుస్తూ ఒకే పాట కావడం నాకు కొత్త. ఈ సంగీతానికి పేరు తెచ్చిన బిల్ మన్రో బ్యాండ్‌లోనూ భక్తి పాటలకు వాద్యాలు తగ్గించి నలుగురు పాడేవారు. బాంజోకి కొత్త దారి చూపిన ఎర్ల్ స్క్రగ్స్ కూడా గాస్పెల్ పాటలకు బాంజో పక్కనపెట్టి, గిటారు పట్టుకుని బారిటోన్ పాడేవాడు. మా పక్క ఊరు బ్రిస్టల్ కేంద్రంగా డోయల్ లాసన్ 1979లో పెట్టిన క్విక్‌సిల్వర్ బ్యాండ్ పేరు నిలబడిందీ ఈ నాలుగు గొంతుల పొందికతోనే. ముందు అది వినండి.

కుటుంబాలే బ్యాండ్లు కావడమూ మామూలే. జార్జియాలోని లింకన్‌టన్‌కు చెందిన లూయిస్ ఫ్యామిలీలో తండ్రి, కొడుకులు, కూతుళ్లు కలిసి పాడేవారు.

మా గ్యారేజీ బ్యాండ్‌లో బారిటోన్ పాడేది బాంజో ఆయనే, వారమంతా ప్లంబింగ్ పని చేసేవారు. ఒకరోజు, "మీ వరుస ఒక్కటే పాడి వినిపిస్తారా" అని అడిగాను. బాంజో ఒళ్లో పెట్టుకుని పాడారు. మూడు నాలుగు మాటలు ఒకే స్వరం మీద, తర్వాత ఉన్నట్టుండి కిందికో గెంతు, మళ్లీ అదే స్వరం. పాటలాగే లేదు. ఆయనకి గొంతు పట్టేసిన గురువారం మిగతా ముగ్గురూ అదే పాట ఎత్తుకున్నారు. ఒక్క స్వరమూ తప్పలేదు, కానీ మధ్యలో గోడ తీసేసినట్టుంది. రెండో చరణం దాకా వచ్చి ఓనరుగారు బేస్ తీగల మీద అరచెయ్యి ఆనించి ఆపేశారు. "వచ్చే వారం పాడుకుందాం" అని కాఫీ పెట్టడానికి పైకి వెళ్లారు.