కష్టకాలంలో ఇంటి పనులు రచయితకు ఊరటనిస్తాయా, ఉన్న కాస్త సమయాన్నీ తినేస్తాయా?

రెండూ జరుగుతాయి. ఏది ఎక్కువ జరుగుతుందన్నది మాత్రం ఆ ఇంట్లో పని ఎవరెవరు పంచుకుంటున్నారన్న దానిమీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. నేను కథలు రాస్తాను. ఈ విషయంలో నాకున్న గట్టి అనుభవం 2020 వేసవిది కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

ఆ ఏడాది ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనదీ ఆ రోజే. రాజమహేంద్రవరంలోని మా ఇంటికి పనిమనిషి రావడం ఆగిపోయింది, పిల్లల చదువు ఫోనులోకి వచ్చింది, కథలు పంపే వారపత్రికల్లో కొన్నింటి అచ్చు నిలిచిపోయింది. జాతీయ రహదారి వెంట మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోతున్న వలస కూలీలను టీవీలో చూసి, వారి గురించి రాయాలని కూర్చుంటే, కాగితం మీదికి వచ్చినదంతా ఎవరో రాసిన సంపాదకీయంలా ఉండేది. జాలి ఉంది, కోపం ఉంది, మనిషి మాత్రం లేడు.

మే నెలలో ఆవకాయ పెట్టవలసి వచ్చింది. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు ఎలాగో దొరికాయి గాని, ఏటా మా వీధి మొగలో గోనెపట్టా పరుచుకుని, పెద్ద కత్తిపీటతో కాయకింతని తీసుకుని ముక్కలు కొట్టిపెట్టే మనిషి ఆ ఏడు రాలేదు. ఇంట్లోనే కొట్టుకున్నాం. ప్రతి ముక్కకూ టెంక ఉండేలా కొట్టడం, జీడి తీసేయడం, లోపలి పొరను పొడిగుడ్డతో తుడవడం, ఎక్కడా తడి తగలకుండా చూసుకోవడం ఎంత శ్రమో, ఎంత ఒడుపు కావాలో అప్పుడు తెలిసింది. మా అత్తగారు పక్కన కూర్చుని ఆవపిండి, కారం సమానంగా కొలిపించి, ఉప్పు కాస్త తగ్గించమని చెబుతూ ఉంటే, ఆ కొలతలన్నీ సరుకుల పద్దు పుస్తకంలో రాసుకున్నాను. మూడో రోజు తిరగకలిపేటప్పుడు, ఆ పద్దు కిందనే, ముక్కలు కొట్టే మనిషి గురించి నాలుగు వాక్యాలు వచ్చాయి. ఆయనకు మామిడికాయల రోజులంటే ఏడాదిలో ఆ కొద్ది వారాలే. అవి పోతే మళ్లీ వేసవి దాకా లేవు. లాక్‌డౌన్ మీద నేను రాయగలిగిన కథ ఆయనదే అయింది. టీవీలో చూసిన కూలీల బాధ నాకు అందకుండా పోయిన చోట, నా అరచేతి బొబ్బ ద్వారా ఆయన బతుకు కొంత అందింది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వూల్ఫ్, ఇంగ్లండులో సస్సెక్స్‌లోని రాడ్‌మెల్ గ్రామంలో ఉన్న తమ ఇంట్లో గడిపారు. లండన్‌లోని వారి ఇళ్లు బాంబులకు దెబ్బతిన్నాయి. 1941 మార్చి 8న ఆమె తన డైరీలో, ఏడైంది, వంట చేయాలి అని గుర్తుచేసుకుంటూ, వండబోయే చేపనూ మాంసాన్నీ రాసిపెట్టుకోవడం వల్ల వాటి మీద ఒక పట్టు చిక్కుతుందని రాశారు. అదే నెల 28న ఆమె ఆత్మహత్య చేసుకున్నారు. అందుచేత ఇంటి పనిని మందుగా చెప్పేవారిని నేను నమ్మను. మనసు మరీ కుంగిపోతే వెళ్లవలసింది వైద్యుల దగ్గరికే.

ఇంకొక మాట కూడా చెప్పకపోతే నా జవాబు అబద్ధమవుతుంది. ఆ వేసవిలో మొదటి వారాలన్నీ వంట, అంట్లు, బట్టలు నా ఒక్కదాని మీదే పడ్డాయి. అప్పుడు పనిలో ఊరటా లేదు, రాతా లేదు. మావారు ఉదయం వంటిల్లు తీసుకున్నాకే, చేతులు పనిలో ఉండగా మనసుకు తీరిక దొరికింది. ఇంటి పనిలోని సౌందర్యాన్ని పొగిడే వ్యాసాలు చదివినప్పుడల్లా, ఆ ఇంట్లో అంట్లు ఎవరు తోముతున్నారో అడగాలనిపిస్తుంది.

మీరు మొదలుపెట్టదలిస్తే కథ రాస్తున్నానని అనుకోకండి. ఆ రోజు వండినది, దొరకనిది, రాని మనిషి, సరుకు ధర, ఇంట్లో ఎవరేమన్నారో వారి మాటల్లోనే, తేదీ వేసి రాయండి. మీ అభిప్రాయాలను కొన్నాళ్లు పక్కన పెట్టినా ఫరవాలేదు, అవి తర్వాతా వస్తాయి. ధరలూ మాటలూ మాత్రం నెల తిరిగేసరికి గుర్తుండవు.