ఒక పక్క ఉరుము మేఘం, మరో పక్క ఆంక్షల గగనతలం

అమ్మాయికి ఆశీస్సులు,

కెప్టెన్ సీటులోకి మారుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. శిక్షణలో నేర్చుకున్నవన్నీ మళ్లీ ఏకరువు పెట్టను. ఒక్క సంగతి మాత్రం విడిగా రాయాలనిపించింది. ఎదురుగా ఉరుము మేఘాల వరుస ఉండి, పక్కకు తప్పుకుందామంటే సైన్యం ఆధీనంలోని గగనతలం అడ్డొస్తే ఏం చేయాలన్నదే అది.

అన్నిటికంటే ముందు, తొందరగా అడుగు. లెక్క వేసి చూడు. గంటకు 480 నాటికల్ మైళ్ల వేగమంటే నిమిషానికి ఎనిమిది మైళ్లు. విమానం రాడార్‌లో ఎర్రమచ్చ, అంటే ఉధృతమైన వాన మేఘం, 80 మైళ్లలో ఉందంటే నీకున్నది పది నిమిషాలు. తీవ్రమైన మేఘానికి కనీసం 20 మైళ్లు ఎడంగా ఉండాలి కనుక అందులో రెండున్నర నిమిషాలు తీసెయ్యి. మిగిలిన సమయంలోనే నేలమీది నుంచి దారి చూపే కంట్రోలర్ నీ మాట విని, సైనిక విభాగానికి ఫోన్ చేసి, వాళ్ల జవాబు నీకు చేరవేయాలి. కుదరదంటే వెనక్కి తిరగడానికీ చోటు మిగలాలి. ఆ వేగంలో 25 డిగ్రీలు వాల్చి తిరిగితే పూర్తిగా వెనక్కి మళ్లడానికి దాదాపు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా విమానం ఏడు మైళ్లు ముందుకు, 14 మైళ్లు పక్కకు జరుగుతుంది. ఆంక్షల హద్దు పది మైళ్లలోనే ఉంటే ఆ వైపు తిరగలేవని ఇక్కడే తేలిపోతుంది. అందుకే 160 మైళ్ల దగ్గరే చూడటం మొదలుపెట్టి, 100 మైళ్ల లోపుకు రాకముందే అడిగెయ్యి.

అడిగేటప్పుడు వివరంగా అడగాలి. ‘కొంచెం ఎడమకు వెళ్లనివ్వండి’ అంటే ఆ కంట్రోలర్ ఫోన్‌లో సైన్యానికి ఏమని చెబుతాడు? ఏ వైపు, ఎన్ని మైళ్లు, ఎంతసేపు, ఎప్పటిలోగా మొదలుపెట్టాలి అన్నవన్నీ ఒకే మాటలో అందించు. ఆ వైపు కుదరదంటే రెండో వైపు అడుగు. అదీ కాదంటే అక్కడే చక్కర్లు కొట్టడానికో, వెనుదిరగడానికో వెంటనే సిద్ధపడు. వీటికి సరిపడా ఇంధనం బయల్దేరేముందే వేయించుకోవాలి.

2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఏ321 విమానానికి పఠాన్‌కోట్ దగ్గర జరిగింది నీకు తెలిసే ఉంటుంది. సరిహద్దు వైపు, ఎడమకు, తప్పుకుంటామని అడిగితే వైమానిక దళ నియంత్రణ కేంద్రం ఒప్పుకోలేదు. పాకిస్తాన్ వైపు లాహోర్ కంట్రోలర్లను అడిగితే వాళ్లూ కాదన్నారు. వెనక్కి తిరగాలనుకునేసరికి మేఘం మరీ దగ్గరైందని, చివరికి అందులోంచే వెళ్లారని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రకటించింది. వడగళ్లు విమానం ముక్కును పగలగొట్టాయి, ఆటోపైలట్ తప్పుకుంది, ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల చొప్పున దిగింది. సిబ్బంది చేత్తో నడిపి అందరినీ క్షేమంగా దించారు. వాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తలుపులు ఒక్కొక్కటిగా ఎలా మూసుకుపోతాయో చూడమంటున్నాను.

రాడార్‌ను చదవడంలో ఒక జాగ్రత్త. అది చూపించేది నీటిని. ఎత్తులో ఉన్న మంచు స్ఫటికాలు, పొడి వడగళ్లు దానికి సరిగా ఆనవు. ఎత్తున ఎగురుతున్నప్పుడు యాంటెన్నాను కిందికి వంచి, మేఘంలో తడి ఉన్న భాగాన్ని వెతుకు. ఎర్రటి మచ్చ వెనక నల్లగా, ఖాళీగా కనిపించే చోటును అసలు నమ్మకు. ముందున్న కుండపోత వాన తరంగాలను మింగేస్తే వెనక ఏమున్నా తెరమీదికి రాదు. 1977 ఏప్రిల్ 4న అమెరికాలోని జార్జియాలో సదరన్ ఎయిర్‌వేస్ డీసీ-9 విమానం భారీ వాన, వడగళ్లలో చిక్కి, దాని రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. మేఘాల మధ్య దారికి కెప్టెన్ విమానంలోని రాడార్‌నే నమ్ముకోవడమూ ఒక కారణమని దర్యాప్తు తేల్చింది.

ఆంక్షల హద్దు ఈ రాడార్‌లో కనిపించదు కదా. దాని మూలల్ని బయల్దేరేముందే విమానంలోని కంప్యూటర్‌లో గుర్తులుగా పెట్టుకో. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏ ఎత్తు దాకా అమల్లో ఉందో నోటామ్‌లో, అంటే పైలట్లకిచ్చే అధికారిక సూచనలో, చూసుకో. కొన్నిటి పైనుంచి హాయిగా వెళ్లిపోవచ్చు. గాలి వచ్చే వైపు నుంచి మేఘాన్ని దాటడం మంచిదన్నది నిజమే. కానీ ఆ వైపే హద్దు ఉంటే, మేఘానికీ గీతకూ మధ్య ఇరుకు సందులో దూరాలనే ఆశ పుడుతుంది. ఆ ఆశను మొదట్లోనే తుంచెయ్యి.

అనుమతి అందక, మేఘం మీదికి వస్తుంటే మొహమాటపడకు. ‘వెదర్ డీవియేషన్ రిక్వైర్డ్’ (వాతావరణం వల్ల దారి తప్పుకోక తప్పదు) అని స్పష్టంగా చెప్పు. చాలకపోతే అత్యవసరమని తెలిపే ‘పాన్ పాన్’ పిలుపును మూడుసార్లు అను. ప్రాణాల కోసం తప్పనిసరైతే నిబంధన దాటే అధికారం కెప్టెన్‌కు ఉంది. అయితే చెప్పకుండా మాత్రం హద్దు దాటకు. లోపల కాల్పుల సాధన జరుగుతుండవచ్చు, యుద్ధ విమానాలు తిరుగుతుండవచ్చు. అనుమతి అందకుండానే తప్పుకోవాల్సి వస్తే, ఐదు మైళ్లు పక్కకు జరిగాక 300 అడుగులు ఎక్కాలో దిగాలో చెప్పే నియమం తోటి విమానాలను తప్పించుకోవడానికే పనికొస్తుంది, ఆంక్షల గగనతలంలోకి అనుమతిగా కాదు.

ఒడ్డున పడ్డాక కుదుపులు ఏ ఎత్తులో, ఎక్కడ ఉన్నాయో కంట్రోలర్‌కు వెంటనే చెప్పు. నీ వెనక అదే దారిలో వస్తున్నవాళ్లకు అడగడానికి ఇంకా సమయం ఉంటుంది.

ఆశీస్సులతో,
బాబాయి