మావయ్యగారికి పాత బెంజి కావాలట

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మావయ్యగారు హెడ్మాస్టరుగా చేసి పోయిన ఏడాదే రిటైరయ్యారు. ఇంట్లో ఆయన, అత్తయ్యగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. పాత వ్యాగన్‌ఆర్ ఒకటుంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, రెండు నెలలకోసారి విశాఖ తీసుకెళ్లి చూపించాలి. ఇప్పుడు మావయ్యగారు విశాఖలో ఒక బ్రోకరు దగ్గర 2013 మోడల్ బెంజి ఈ-క్లాస్ డీజిల్ బండి చూసొచ్చారు. ఢిల్లీ నంబరు, తొమ్మిది లక్షలట. "కొత్త ఎర్టిగా కన్నా తక్కువకే వస్తోంది, ఇంటిల్లిపాదీ దర్జాగా తిరగొచ్చు, మీ అత్తకీ సుఖంగా ఉంటుంది, వ్యాగన్‌ఆర్ అమ్మేద్దాం" అంటారు. ఎవరికీ చెప్పకుండా పాతిక వేలు అడ్వాన్సు ఇచ్చేశారు. అది తెలిసి మా ఆయన "ఈ వయసులో ఈ పిచ్చేంటి" అన్నారు. అప్పట్నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఒకరి మాట ఒకరికి నేను మోస్తున్నాను. ఆ కారు మాలాంటి ఇంటికి పనికొస్తుందా? నేను ఎవరి వైపు మాట్లాడాలి?
– ఒక కోడలు

జవాబు:

అమ్మా, కారు సంగతి ముందు సూటిగా చెప్పేస్తాను. వ్యాగన్‌ఆర్ అమ్మేసి ఇంటికంతటికీ అదొక్కటే బండిగా పెట్టుకుంటే ఆ బెంజి మీకు పనికిరాదు. వ్యాగన్‌ఆర్ ఉంచుకుని, మావయ్యగారు తన డబ్బుతో తన ముచ్చట కోసం కొనుక్కుంటానంటే అది వేరే లెక్క. దానికి నేను అడ్డం చెప్పను. ఆయన తన ముచ్చటకి "ఇంటి అవసరం" అని పేరు పెట్టారు, మీ ఆయన దానికి "పిచ్చి" అని పేరు పెట్టారు. గొడవ అక్కడే మొదలైంది.

ముందు తలలు లెక్కపెట్టండి. మీరు ఆరుగురు. ఈ-క్లాస్ పొడవు 4.9 మీటర్లకు కాస్త తక్కువ, చూడ్డానికి ఓడలా ఉంటుంది, కానీ సీట్లు ఐదే. వ్యాగన్‌ఆర్‌లోనూ ఐదే కదా, ఎలాగో సర్దుకుంటున్నాం అంటారేమో. బెంజిలో ఆ సర్దుబాటు ఇంకా కష్టం. దాని ఇంజను ముందుంటుంది, తిప్పేది వెనక చక్రాలను. రెంటినీ కలిపే షాఫ్టు అడుగున మధ్యలోంచి పోతుంది కాబట్టి వెనక సీట్లో మధ్యన కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర ఎత్తుగా దిమ్మలా ఉంటుంది. కాలొకటి అటు, కాలొకటి ఇటు వేసుకుని విశాఖ దాకా కూర్చోవాలి. ఆ చోటు ఇంట్లో ఎవరికి దక్కుతుందో మీకు చెప్పక్కర్లేదు, కోడలివి కదా.

ఇంకో మాట. వెనక సీటు వాలుతూ, కాళ్లు బారజాపుకునేంత ఖాళీ ఉన్న ఈ-క్లాస్ వీడియోలు మావయ్యగారు చూసే ఉంటారు. ఆ పొడుగు వీల్‌బేస్ మోడల్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం ఎక్కువున్నది, మన దేశానికి వచ్చింది 2017లో. ఆయన చూసొచ్చింది దాని ముందు తరం బండి. వెనక చోటు బాగానే ఉంటుంది గానీ వీడియోలో ఉన్నంత కాదు. ఇది ఆయనకు తెలియకపోవచ్చు. బ్రోకరు తనంతట తాను చెప్పడు.

మీ ఉత్తరమంతా రెండుసార్లు చదివాను. మావయ్యగారి మాటలున్నాయి, మీ ఆయన మాటలున్నాయి. ఎవరి సుఖం పేరు చెప్పి కారు కొంటున్నారో ఆవిడ మాట ఒక్కటీ లేదు. అత్తయ్యగారిని ఎవరైనా అడిగారా?

అడగడం కన్నా చూడటం మేలు. ఆవిడను ఒకసారి ఆ బండి దగ్గరకు తీసుకెళ్లండి. వ్యాగన్‌ఆర్ ఎత్తు బండి, సీటు నడుం దగ్గరకు వస్తుంది. తలుపు తీసి పక్కకు ఒరిగితే చాలు, కూర్చున్నట్టే. ఈ-క్లాస్ అలా కాదు. తల వంచి, నడుం కిందికి దించి, సీట్లోకి జారి, ఆ తర్వాత ఒక్కొక్క కాలూ లోపలికి తీసుకోవాలి. దిగేటప్పుడు అంతకంతా మోకాళ్ల మీదే భారం. ముందు సీటు పట్టుకుని, తలుపు పట్టుకుని, ఎవరో చెయ్యందిస్తే గాని లేవలేరు. మూడుసార్లు ఎక్కించి దింపండి. మొదటిసారి మొహమాటానికి "బాగుంది" అంటారు. మూడోసారి దిగేటప్పుడు ఆవిడ మొహం మావయ్యగారు చూస్తే చాలు, మీరెవరూ ఏమీ వాదించక్కర్లేదు.

ఆయన మోజు ఉత్త మోజని మాత్రం అనుకోకండి. ఆ బండి హైవే మీద నిలకడగా పోతుంది, లోపల చప్పుడు వినపడదు, ఎయిర్‌బ్యాగులు, బ్రేకులు ఆ రోజుల్లో మామూలు కార్లలో లేనంత బాగుంటాయి. కొత్తప్పుడు నలభై లక్షల పైమాట. అలాంటిది తొమ్మిదికి వస్తుంటే ఎవరికైనా చెయ్యి దురదపెడుతుంది. కానీ ధర మాత్రమే తగ్గింది. స్పేర్ పార్టులు ఇప్పటికీ నలభై లక్షల బండివే. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడితే కుదరదు.

ఈ జవాబు రాసే ముందు ఇలాంటి బండ్లు బాగుచేసే ఒక మెకానిక్‌ని అడిగాను. ఆయన మొదట చెప్పింది ఇంజను గురించి కాదు, స్టీరింగ్ లాక్ గురించి. ఈ తరం బెంజిల్లో స్టీరింగ్ తాళం విడిపించడానికి ఒక చిన్న మోటారు ఉంటుంది. ఏళ్లు గడిచాక అది అరిగిపోతుంది. ముందు రోజు రాత్రి దాకా బాగా తిరిగిన బండి పొద్దున్నే తాళం పెడితే ఉలకదు పలకదు. స్టీరింగ్ బిగుసుకుపోయి ఉంటే తాడు కట్టి లాక్కెళ్లడానికీ వీలుండదు, ఫ్లాట్‌బెడ్ లారీ రావాలి. ఇది అందరికీ వస్తుందని కాదు, పేరున్న జబ్బు అంతే. ఇప్పుడు ఆలోచించండి: అత్తయ్యగారిని పదింటికల్లా విశాఖలో డాక్టరు దగ్గర కూర్చోబెట్టాలి, ఆరింటికి బయల్దేరాలి, బండి కదలదు, ఇంట్లో ఇంకో కారు లేదు. వ్యాగన్‌ఆర్ అయితే పక్క వీధి మెకానిక్ వచ్చి ఏదో ఒకటి చేసి పంపిస్తాడు. దీనికి శ్రీకాకుళంలో ఆ పనితనం, లోపం కనిపెట్టే ఆ కంప్యూటరు ఎవరి దగ్గర ఉన్నాయో ముందే కనుక్కోవాలి. లేదంటే ప్రతి చిన్న పనికీ నూరు కిలోమీటర్ల పైన విశాఖ పోవాలి.

ఊరెళ్లడం సంగతీ చూసుకోండి. మీ మావయ్యగారి ఊరు ఎటో రాయలేదు. హిరమండలం వైపో పాతపట్నం వైపో అయితే నూర్పుళ్ల రోజుల్లో తార్రోడ్డు మీదే వరి గడ్డి పరిచేస్తారని మీకూ తెలుసు. ఊళ్లోకి తిరిగేచోట స్పీడ్‌బ్రేకర్లు ఎవరికి తోచిన ఎత్తులో వాళ్లు వేస్తారు. అడుగుభాగం నేలకు దగ్గరగా ఉండే బండి, నిండా మనుషులు, డిక్కీలో బియ్యం బస్తా. కింద గీసుకున్న చప్పుడు విన్న ప్రతిసారీ మావయ్యగారి గుండె గతుక్కుమంటుంది. నాలుగుసార్లు అయ్యాక ఊరికి బస్సులో వెళ్దామంటారు చూడండి.

ఖర్చు లెక్క పెద్దగా సాగదీయను. నాలుగు టైర్లు మారిస్తే అర లక్ష దాటుతుంది. పాత టైర్ల వయసు వాటి మీదే ఉంటుంది. నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో చేసిన టైరు, గాడులు ఎంత లోతున్నా ముసలిదే. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. "అది జీవితకాలం పనిచేసే ఆయిల్ సార్" అంటే నమ్మకండి. బండి కొన్న డబ్బు కాక మూడు లక్షలైనా మరమ్మతుల కోసం పక్కన పెట్టగలిగితేనే దాని జోలికి వెళ్లాలని నా లెక్క.

కాగితాల విషయంలో మాత్రం కంగారు పడాల్సిందే. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షల గొడవ 2015 నుంచీ నడుస్తోంది. 2018లో సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్కడి బండ్లు చౌకగా ఇటు రావడానికి అదొక కారణం. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ ఇక్కడ కట్టాలి. అది తొమ్మిది లక్షల్లో కలిసుందో లేదో అడిగారా? శ్రీకాకుళం రవాణా కార్యాలయం పేరు మీద ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, రావాలి. పాత ఫైనాన్సు ఉంటే అది తీరినట్టు ఆర్‌సీలో కొట్టేసి ఉండాలి, చలాన్లు బాకీ ఉండకూడదు. 2028లో బండికి 15 ఏళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ రెన్యువల్ మళ్లీ మొదలు. ఎన్‌ఓసీ చేతికి రాకుండా, సర్వీసు సెంటర్లో ఛాసిస్ నంబరు చెప్పి పాత సర్వీసు వివరాలు, చెయ్యకుండా మిగిలిపోయిన రీకాల్ పనులు (కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి సరిచేసే లోపాలు) చూసుకోకుండా ఇంకో రూపాయి కూడా బ్రోకరుకి వెళ్లకూడదు.

ఇక మీ ఇంటి సంగతి.

62కి రిటైరైన మేష్టారు. సైకిలు, ఆ తర్వాత స్కూటరు, అంతే ఆయన తొక్కిందీ తోలిందీ, అవునా? మీరు రాయలేదు, నేనే అనుకుంటున్నాను. ఆ తరం మేష్టార్లలో చాలామంది జీపీఎఫ్ లోను కొడుకు చదువుకి ఒకసారి, కూతురు పెళ్లికి ఒకసారి తీసినవాళ్లే. అలాంటాయన జీవితంలో మొదటిసారి తన కోసం ఒకటి కోరుకున్నారు. అది కాస్త అతిగానే ఉంది, ఒప్పుకుంటాను. కానీ "నాకు కావాలి" అని చెప్పడం అలవాటు లేక "ఇంటి కోసం, మీ అత్త కోసం" అన్నారు. చెప్పకుండా అడ్వాన్సు ఇవ్వడం తప్పే. అడిగితే వద్దంటారని తెలిసి చేసిన తప్పు.

మీ ఆయన కోపంలో కారు కన్నా భయం ఎక్కువుందని నా అనుమానం. కొనేది నాన్న, రేపు గేర్‌బాక్సు పోతే కట్టేది ఎవరు? నాన్న దగ్గరున్న డబ్బు అయిపోయాక అమ్మకు మోకాలి ఆపరేషన్ అంటే తెచ్చేది ఎవరు? ఆ మాట నోరు విప్పి అడిగితే తండ్రి డబ్బు మీద కన్నేశాడని అనుకుంటారేమోనని మొహమాటం. అందుకని "పిచ్చి" అనేశారు. హెడ్మాస్టరుగా పిల్లలచేత మాట వినిపించుకున్న మనిషి, కొడుకు నోట ఆ మాట మింగడం కష్టం.

కాబట్టి మీరు ముందు ఈ రాయబారం ఆపేయండి. "నాన్న భోజనానికి వస్తారేమో అడుగు" అని మీ ఆయన అంటే "మీరే పిలవండి" అని వంటింట్లోకి వెళ్లిపోండి. రెండు రోజులు ఇల్లు ఇంకా ముభావంగా ఉంటుంది, ఉండనివ్వండి. మోసేవాళ్లున్నంత కాలం వాళ్లు మాట్లాడుకోరు.

మీ ఆయనతో ఒంటరిగా ఒక్కటే చెప్పండి: "పిచ్చి" అన్న మాట వెనక్కి తీసుకుని, తన భయం ఏంటో నాన్నకు చెప్పమనండి. "నాన్నా, నీ డబ్బు నీ ఇష్టం, అమ్మ వైద్యానికి ఎంత పక్కన పెట్టావో చెప్పు, రేపు దీని రిపేరు నేను భరించలేను" అంటే సరిపోతుంది. ఇందులో అవమానం ఏమీ లేదు, లెక్క మాత్రమే ఉంది. మేష్టార్లు లెక్కకు కోప్పడరు.

మావయ్యగారికి మాత్రం ఎర్టిగా చూపించి బెంజి మరిపించాలని చూడకండి. ఆరుగురికీ సరిపోయేది అదే, నిజమే, ఇంటి బండి మార్చాల్సి వచ్చిన రోజున అదే కొనుక్కోండి. కానీ అది ఆయన కోరికకు జవాబు కాదు, చిన్నబుచ్చుకుంటారు. దానికి బదులు ఒక ఆదివారం విశాఖ నుంచి డ్రైవరుతో ఒక బెంజి అద్దెకు మాట్లాడి పొద్దున్నే అరసవల్లి, అటు నుంచి శ్రీకూర్మం తిప్పి తీసుకురండి. ముందు సీట్లో ఆయన, వెనక అత్తయ్యగారు, మనవలు. సాయంత్రానికి కోరిక తీరిపోవచ్చు, రెట్టింపూ కావచ్చు. రెట్టింపైతే పెన్షను, అత్తయ్యగారి వైద్యం డబ్బు, మరమ్మతుల మూడు లక్షలు, ఇవన్నీ విడిగా కాగితం మీద రాసి, మిగిలినదాంట్లో ఆ బండి వస్తే కొనుక్కోనివ్వండి. ఆ ఢిల్లీ బండే అక్కర్లేదు, మన రాష్ట్రం నంబరుతో ఒకే చేతి మీద నడిచినది వెతకమనండి, తొందరేమీ లేదు. వ్యాగన్‌ఆర్ మాత్రం అమ్మకూడదు, ఇది ముందే తేల్చుకోండి.

పాతిక వేల అడ్వాన్సు గురించి. రసీదు ఉంటే, "ఎన్‌ఓసీ చూపిస్తేనే మిగతాది" అని మావయ్యగారినే ఫోన్ చెయ్యమనండి, కాగితాలు లేకపోతే డబ్బు వెనక్కి అడగమనండి. మీ ఆయన వెళ్లి బ్రోకరుతో గొడవ పెట్టుకోకూడదు, అది తండ్రిని ఇంకోసారి చిన్నపరచడమే అవుతుంది. వస్తే సంతోషం. రాకపోతే పోయిందనుకుని, దసరాకో సంక్రాంతికో చుట్టాలంతా కూడినప్పుడు ఆ పాతిక వేల ప్రస్తావన ఎవరి నోటా రాకుండా చూసుకోండి, ముఖ్యంగా మీ ఆడపడుచు ముందు.