అల్జీరియా వలసలపై పీహెచ్‌డీ: ముందు కాగితాలు ఎక్కడున్నాయో తెలుసుకోండి

ఎం.ఏ. చరిత్ర అయింది, అల్జీరియా నుంచి ఫ్రాన్స్‌కు వెళ్లిన కూలీల మీద పీహెచ్‌డీ చేసి ఆ రంగంలోనే ఉండాలి, మొదట ఏం చదవాలి అని అడిగారు. పుస్తకాల కన్నా ముందు ఏ ప్రాంతాన్ని ఏ శాఖ ఏలిందో చూడండి. కాగితాలు ఆ దారినే పోయాయి.

1830లో అల్జీరియాపై దండెత్తి, 1848లో దాన్ని ఫ్రాన్స్‌లో మూడు జిల్లాలుగా కలుపుకున్నారు. ట్యునీషియా (1881), మొరాకో (1912) రక్షిత రాజ్యాలు, విదేశాంగ శాఖ కింద. అందుకే అల్జీరియా గవర్నర్ జనరల్ దస్త్రాలు దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఓవర్సీస్ ఆర్కైవ్స్‌లో, మిగతా రెండింటివి నాంత్‌లోని దౌత్య ఆర్కైవ్స్‌లో. అల్జీరియా రోజువారీ పాలన కాగితాలు చాలావరకు అల్జీర్స్‌లోనే ఉండిపోయాయి. కూలీలు దిగిన రేవు సంగతులకు మార్సెయ్ జిల్లా ఆర్కైవ్స్, పారిస్‌లో 1925 నుంచి వాళ్లపై పెట్టిన నిఘాకు అక్కడి పోలీసు ఆర్కైవ్స్ చూడాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఒకచోట: 'విదేశీయులు' అన్న శీర్షిక కింద వెతుకుతారు. 1962 దాకా అల్జీరియన్ చట్టరీత్యా విదేశీయుడు కాడు. 1865 నుంచి ఫ్రెంచి ప్రజ, 1940ల దాకా పౌరహక్కులు మాత్రం లేవు. 'ఉత్తర ఆఫ్రికన్లు', 1947 తర్వాత 'అల్జీరియా ఫ్రెంచి ముస్లింలు' అన్న మాటలతో వెతకండి. తెలుగులో కాలనీకీ, మనుషులు వేరే చోటికి తరలిపోవడానికీ 'వలస' అనే అంటాం, సినాప్సిస్‌లో ఎక్కడ ఏ అర్థమో తేల్చి రాయండి.

పేర్లతో ఇంకో తంటా. 1882 చట్టంతో ఇంటిపేర్లు అంటగట్టారు, గుమస్తాలు చెవికి తోచినట్టు రాశారు. పుట్టిన తేదీ బదులు 'సుమారు' అని ఏడాదే ఉంటుంది. పేరు, ఏడాది, పుట్టిన ఊరు మూడూ కలిస్తేనే ఒకే మనిషిగా లెక్కించండి.

పోలీసు దర్యాప్తు, కోర్టు దస్త్రాలకు సాధారణంగా 75 ఏళ్ల గడువు. అల్జీరియా యుద్ధానికి సంబంధించినవి 2021 డిసెంబరు ఉత్తర్వుతో ముందే తెరిచారు. మూసి ఉన్నవాటికి ప్రత్యేక అనుమతి అడగాలి. జవాబుకు నెలలు పట్టవచ్చు, కాబట్టి ప్రయాణానికి చాలా ముందే పంపండి.

ఫ్రెంచి బి2 స్థాయి (సొంతంగా చదివి, మాట్లాడగలిగే స్థాయి) లేకుండా వెళ్లొద్దు, చేతిరాత చదవడం విడిగా సాధన చేయాలి. హైదరాబాద్ ఇఫ్లూలో ఫ్రెంచి, అరబిక్ రెండూ ఉన్నాయి. పత్రికలకు ప్రామాణిక అరబిక్ సరిపోతుంది, ఇంటర్వ్యూలకు సరిపోదు. తొలితరం కూలీల్లో ఉత్తర అల్జీరియా కొండ ప్రాంతమైన కబీలియా వాళ్లు ఎక్కువ, వాళ్ల ఇళ్లలో మాట కబీల్ అనే బెర్బర్ భాష.

ఉద్యోగం సంగతి: ఫ్రాన్స్‌లో డాక్టొరల్ కాంట్రాక్టు మూడేళ్లు. ఆ తర్వాత లెక్చరర్ పోస్టుకు విశ్వవిద్యాలయాల జాతీయ మండలి ఇచ్చే అర్హత కావాలి. చరిత్రలో అగ్రెగేషన్ అనే ఉపాధ్యాయ నియామక పోటీపరీక్ష పాసైనవాళ్లకే మొగ్గు, ఆ పరీక్ష భారతీయులు రాయలేరు. కాబట్టి బ్రిటన్, అమెరికా విభాగాలకూ దరఖాస్తు చేస్తూ ఉండండి.