బీట్‌రూట్ పాన్‌కేక్ పెనం మీద రంగు ఎందుకు మారుతోంది?

ఫుడ్ కలర్ వేయకుండా పిల్లలకి రంగురంగుల పాన్‌కేక్‌లు చేద్దామంటే, గులాబీ రంగులో ఉన్న బీట్‌రూట్ పిండి కాస్తా పెనం మీద మట్టి రంగుకి తిరిగిపోతోందని అడిగారు. మా ఇంట్లోనూ మొదటిసారి ఇదే కథ. మేం విజయవాడ పడమటలో ఉంటాం. పాప పుట్టినరోజని ముందు రోజే రైతుబజారు నుంచి బీట్‌రూట్, పాలకూర తెచ్చిపెట్టుకున్నా. పొద్దున్నే మొదలుపెడితే మా అత్తయ్య పెనంలోకి తొంగి చూసి, "ఏంటమ్మాయ్, ఇటుకలు కాలుస్తున్నావా?" అన్నారు.

తప్పు రెండు చోట్ల జరిగింది. ఒకటి, వంట సోడా. బీట్‌రూట్ ఎరుపు పులుపులో నిలుస్తుంది, సోడా తగిలితే చెడుతుంది. రెండోది, మంట. మినప అట్టు వేసే అలవాటుతో పెనం బాగా కాల్చి, వెన్న రాసి పోశాను. పైన ఎర్రగా కాలిందంటే లోపల ఎంత రంగున్నా కనపడదు.

ఇప్పుడు ఇలా చేస్తున్నా. కప్పు మైదాకి చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ఒక గుడ్డు, అర కప్పు పాలు, పావు కప్పు ఉడికించిన బీట్‌రూట్ గుజ్జు, చెంచా నిమ్మరసం. పంచదార ఒక్క చెంచా చాలు, ఎక్కువైతే త్వరగా మాడుతుంది. తీపి కావాలంటే తినేటప్పుడు పైన తేనె పోసుకోవచ్చు. నాన్‌స్టిక్ పెనం మీద నూనె గుడ్డతో తుడిచినట్టు మాత్రమే రాసి, సన్న మంట మీద చిన్న గరిటెతో పోసి మూత పెట్టండి. పైన బుడగలు పగిలి తడి ఆరాక తిప్పి, అర నిమిషంలో తీసేయండి. అప్పుడు కూడా పిండిలో ఉన్నంత గులాబీ రాదు, కాస్త తగ్గుతుంది. గోధుమపిండితో అయితే రంగు ఇంకా మసకగా కనిపిస్తుంది. అందుకే మా ఇంట్లో సగం సగం.

పాలకూర దీనికి పూర్తిగా ఎదురు. దానికి నిమ్మకాయ, పెరుగు తగలకూడదు, పచ్చదనం పోయి ఊరగాయ రంగు వస్తుంది. మరిగే నీళ్లలో ఒక్క నిమిషం వేసి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచి, నీళ్లు గట్టిగా పిండేసి రుబ్బండి. పులిసిన దోసె పిండిలో కలిపినా అంతే, రంగు నిలవదు. అదే పెసరట్టు పిండిలో అయితే చక్కగా కుదురుతుంది, పులవబెట్టం కాబట్టి.

పసుపు రంగుకి దుగ్గిరాల పసుపు పావు చెంచా కంటే తక్కువే చాలు. సోడా మాత్రం వద్దు. దిష్టి తీసేటప్పుడు పసుపులో సున్నం కలిపితే నీళ్లు ఎర్రబడతాయి చూడండి, సోడా పడినా ఆ వరసే. క్యారట్ గుజ్జుకి ఈ గొడవలేం లేవు. కాస్త మంట ఎక్కువైనా ఓర్చుకుంటుంది, కొత్తగా చేసేవాళ్లు దానితోనే మొదలుపెట్టండి.

నీలం కావాలంటే శంఖుపుష్పాలు. ఎండబెట్టిన పూలు పది, పావు కప్పు వేడి పాలలో నానబెట్టి వడకట్టండి. నేను గుడ్డు మొత్తం వేసి ఒకసారి దెబ్బతిన్నా, పచ్చసొన కలిసి నీలం కాస్తా ఆకుపచ్చ అయింది. తెల్లసొన మాత్రమే వేయండి. ఆ పిండిలోంచి కొంచెం తీసి నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఊదా రంగు వస్తుంది. ఆ పని పిల్లలకే వదిలేయండి, మా పాప దాని కోసమే వంటింట్లోకి వస్తుంది.

ఇంకొకటి చెప్పడం మర్చిపోయా. బీట్‌రూట్ తిన్న మర్నాడు కొందరికి మూత్రం, విరేచనం ఎర్రగా రావచ్చు. మా పాపకి అలా వస్తే నేను టెన్షన్ పడిపోయి డాక్టరు గారికి ఫోన్ చేశా. ఆయన ముందు అడిగింది, "నిన్న బీట్‌రూట్ ఏమైనా పెట్టారామ్మా?" అని.