గ్రహణం నాడు గర్భిణి ఉపవాసం ఉండాలా? పురోహితుడి కూతురిగా నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీకు ఐదో నెల. రాబోయే చంద్రగ్రహణం నాడు మధ్యాహ్నం నుంచి విడుపు స్నానం దాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదని, తలుపులు వేసుకుని కదలకుండా వెల్లకిలా పడుకోవాలని మీ అత్తగారు పట్టుబడుతున్నారు. పైగా మీ జన్మ నక్షత్రంలోనే గ్రహణం కాబట్టి పెద్ద శాంతి చేయించాలంటున్నారు. ఇందులో శాస్త్రం చెప్పింది ఎంత, భయంతో చేర్చుకున్నది ఎంత అని మీ ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాను. వేళకు తినండి, దాహం వేస్తే నీళ్లు తాగండి, ఎటు హాయిగా ఉంటే అటు తిరిగి పడుకోండి. ఆచారాల మీద గౌరవం లేక ఈ మాట అనడం లేదు. మా నాన్నగారు కోనసీమలో జీవితమంతా పౌరోహిత్యం చేశారు. నేను ఈనాటికీ పట్టు స్నానం, విడుపు స్నానం మానలేదు. గ్రహణ కాలంలో జపానికి కూర్చుంటే మనసు నిలిచినట్టు మామూలు రోజుల్లో నాకు నిలవదు. ఇవన్నీ మిగలాలని కోరుకునే మనిషినే. అందుకే గర్భిణిని పస్తు పడుకోబెట్టడం చూస్తే ఊరుకోలేను.

2010 జనవరి 15న సూర్యగ్రహణం వచ్చింది. ధనుష్కోటి, కన్యాకుమారి వైపు సూర్యుడు కంకణంలా కనిపించాడు, మనకు పాక్షికం. అప్పుడు నాకు ఏడో నెల, పుట్టింట్లో ఉన్నాను. ఆ రోజు కనుమ. దానికి తోడు పుష్య బహుళ అమావాస్య. మా గోదావరి జిల్లాల్లో దాన్ని చొల్లంగి అమావాస్య అంటారు, కాకినాడ దగ్గర చొల్లంగిలో సముద్ర స్నానాలకు జనం బారులు తీరుతారు. కనుమ నాడు మినుము తినాలంటారు కదా, మా ఇళ్లలో గారెలు లేని కనుమ ఉండదు. గ్రహణమేమో పదకొండు దాటాక పట్టి మూడు దాటాక విడుస్తుంది. సూర్యగ్రహణానికి నాలుగు జాముల ముందు నుంచే, అంటే పన్నెండు గంటల ముందు నుంచే భోజన నిషేధం. ఆ లెక్కన సంక్రాంతి రాత్రి చేయి కడుక్కున్న మనిషి మళ్లీ కనుమ సాయంత్రమే విస్తరి ముందు కూర్చోవాలి.

మా మేనత్త నాకూ అదే నియమం అంది. నాన్నగారు మాత్రం అమ్మను పిలిచి, "తెల్లవారుజామునే దానికి గారెలు వండి పెట్టు" అన్నారు. "అన్నయ్యా, ఊరికి చెప్పేవాడివి, నువ్వే ఇలా అంటే ఎలా?" అని అత్త నొచ్చుకుంది. ఆయన ఆచార నియమాల గ్రంథమైన ధర్మసింధువు తెచ్చి ఆమె ముందు పెట్టారు. పెద్దలకు చంద్రగ్రహణానికి మూడు జాములు, సూర్యగ్రహణానికి నాలుగు జాములు వేధ, అంటే ముందు నుంచి భోజనం మానాల్సిన కాలం, చెప్పిన ఆ గ్రంథమే, బాలురకు, వృద్ధులకు, ఆతురులకు, అంటే ఒంట్లో బాగోలేనివారికి, ఒకటిన్నర జాము చాలంటుంది. జాము అంటే మూడు గంటలు కాబట్టి నాలుగున్నర గంటలన్నమాట. అదీ కుదరకపోతే మూడు ముహూర్తాలు, అంటే సుమారు రెండున్నర గంటలు. రెండు ప్రాణాలు మోస్తున్న మనిషిని ఆతురుల్లో లెక్కవేయకపోతే ఇంకెవరిని వేస్తాం అని నాన్నగారి వాదన. అత్త ఇంకేమీ అనలేదు.

చీకటి ఇంకా విడవకముందే అమ్మ తలస్నానం చేసి, మడి చీర కట్టుకుని పొయ్యి వెలిగించింది. తడి చేసిన అరిటాకు ముక్క మీద పిండి ఒత్తి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి నూనెలోకి జార్చింది. అల్లం పచ్చడితో నేను కడుపునిండా తిన్నాను. తర్వాత ఆమె దర్భపోచలు తుంచి ఆవకాయ జాడీ మీద, నెయ్యి గిన్నె మీద, పాల మీద, మంచినీళ్ల బిందెలో, మిగిలిన మినప్పిండిలో వేసింది. గ్రహణానికి ముందు వండినవి గ్రహణం తర్వాత తినకూడదు. నీళ్లు, మజ్జిగ, పాలు, ఊరగాయలు, నేతిలోనో నూనెలోనో వండినవి మాత్రం దర్భో, నువ్వులో వేస్తే దుష్టం కావని శాస్త్రమే చెప్పింది. ఏడాదికి సరిపడా పెట్టుకున్న ఆవకాయను పారబోయమనేంత కఠినంగా మన పెద్దలు ఎప్పుడూ లేరు. అలాంటి వాళ్లు గర్భిణి కడుపు మాడ్చమంటారా?

పడక విషయానికి వస్తే, అత్త నన్ను వెల్లకిలా పడుకుని, పట్టు నుంచి విడుపు దాకా పక్క తిరగవద్దంది. తిరిగితే బిడ్డకు అవయవ లోపం వస్తుందని వాళ్ల అత్తగారు చెప్పారట. ఇది వినగానే మా డాక్టరమ్మగారికి ఫోను చేశాను. నెలలు నిండేకొద్దీ వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటే గర్భం బరువంతా వెన్ను పక్కన ఉండే పెద్ద సిర మీద పడుతుంది, గుండెకు తిరిగివెళ్లే రక్తం తగ్గి తల్లికి కళ్లు తిరుగుతాయి, బిడ్డకూ రక్త ప్రసరణ తగ్గుతుంది, ఎడమ వైపు తిరిగి పడుకో అన్నారావిడ. బిడ్డ బాగుండాలని పెట్టిన నియమమే బిడ్డకు చేటు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. పక్క తిరగకూడదన్న మాట ఎక్కడ ఉందో చూపిస్తే తానూ చదువుకుంటానని నాన్నగారు అత్తతో అన్నారు. ఆ మాట అనేసి, పట్టు స్నానానికి వేళవుతోందని గౌతమి ఒడ్డుకు వెళ్లిపోయారు. నడుము లోతు నీళ్లలో నిలబడి విడుపు దాకా గాయత్రి చేసుకోవడం ఆయన అలవాటు. నేను గదిలో ఎడమ పక్కకు ఒత్తిగిలి, నోటికి వచ్చిన స్తోత్రాలు చదువుకుంటూ, మధ్యలో దర్భ వేసిన పాలు తాగుతూ గడిపాను.

ఇక మీ అత్తగారు పైకి చెప్పినా చెప్పకపోయినా లోపల పీడిస్తున్న భయం గ్రహణం మొర్రి. కత్తిపీట పట్టుకుంటే, గ్రహణం చూస్తే బిడ్డకు పెదవి చీలుతుందని. మన దగ్గరే కాదు, మెక్సికోలోనూ ఇదే నమ్మకం ఉంది. అక్కడ గర్భిణులు రక్షగా లోదుస్తులకు పిన్నీసు పెట్టుకుంటారు. కానీ గర్భంలో పెదవి రూపుదిద్దుకునేది నాలుగు నుంచి ఏడు వారాల మధ్య, అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. మూడో నెల నిండకముందే పెదవి పని ముగుస్తుంది. ఐదో నెలలో మీరు వంకాయ తరిగితే, ఎప్పుడో కలిసిపోయిన పెదవి మళ్లీ విడిపోదు. మొర్రికి వంశపారంపర్యం ఒక కారణం. పొగతాగడం, గర్భానికి ముందు నుంచీ అదుపులో లేని మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు ఆ ప్రమాదాన్ని పెంచుతాయి. చాలాసార్లు కారణం తేలదు. పెదవి మొర్రిని సాధారణంగా బిడ్డకు ఏడాది నిండేలోపే శస్త్రచికిత్సతో సరిచేస్తారు.

ఇది ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మా వీధిలో ఒకావిడ కొడుకు మొర్రితో పుట్టాడు. కడుపుతో ఉండగా గ్రహణం వేళ కూర తరిగిందని అత్తింటివారు ఆవిడను అన్నేళ్లూ దెప్పుతూనే ఉన్నారు. పిల్లవాడికి ఆపరేషన్ అయి, మచ్చ కూడా సరిగా కనిపించనంతగా మానినా ఆ దెప్పడం మానలేదు. చంద్రుడి మీద పడ్డ నీడకు ఒక తల్లిని దోషిని చేయడం ఏ ధర్మమో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అసలు గ్రహణం ఎందుకు వస్తుందో మన వాళ్లకు తెలియక ఈ నియమాలు పెట్టారనుకోకండి. క్షీరసాగర మథనంలో అమృతం తాగిన రాహువు కథ పిల్లలందరిలాగే నేనూ విన్నాను, మా అమ్మాయికీ చెప్పాను. అయితే 499లోనే ఆర్యభటుడు "ఛాదయతి శశీ సూర్యం, శశినం మహతీ చ భూచ్ఛాయా" అని రాశాడు. సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి పెద్దదైన భూమి నీడ కప్పుతుంది. పంచాంగ గణితంలో రాహుకేతువులు చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులు. పున్నమికో అమావాస్యకో సూర్యచంద్రులు ఆ బిందువుల దగ్గరికి వస్తేనే గ్రహణం. నాన్నగారు రాహువుకు తర్పణం విడుస్తూనే ఈ లెక్క నాకు నేర్పారు, ఆయనకు రెండింటికీ తగువు కనిపించలేదు. మన నేల మీదే 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పడితే, ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. హీలియం అనే మూలకం ఆచూకీ ఆ గ్రహణం నాటి పరిశీలనలతోనే మొదలైంది.

వాట్సాప్‌లో వచ్చే "గ్రహణ కిరణాల" సందేశాలను మీరూ చూసే ఉంటారు. ఆచారాన్ని నిలబెట్టాలని అలాంటివి పంపేవారంటే నాకు విసుగు. వెన్నెల అంటే చంద్రుడి మీద పడి తిరిగివచ్చే సూర్యుడి వెలుగే. గ్రహణంలో అది తగ్గుతుంది తప్ప కొత్త కిరణాలేవీ పుట్టవు. రోకలి సంగతీ అంతే. ఇత్తడి పళ్లెంలో పసుపు నీళ్లు పోసి రోకలి నిలబెట్టి, అది నిలిచిందంటే గ్రహణం పట్టినట్టు అని చిన్నప్పుడు వీధంతా చప్పట్లు కొట్టేవాళ్లం. మా తమ్ముడు ఒక మామూలు మంగళవారం నాడు నిలబెట్టి చూపించాడు. అడుగున పొన్ను, అంటే లోహపు తొడుగు, చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలుస్తుంది. చంద్రగ్రహణాన్ని మామూలు కంటితో నిశ్చింతగా చూడవచ్చు. నిజంగా జాగ్రత్తపడవలసింది సూర్యగ్రహణానికే, అది కూడా కళ్ల కోసం. పసుపు నీళ్లలోనో పేడ నీళ్లలోనో ప్రతిబింబం చూడటం, ఎక్స్‌రే ఫిల్ము అడ్డం పెట్టుకోవడం క్షేమం కాదు. గ్రహణం కోసం తయారుచేసిన కళ్లద్దాలు ఉండాలి, గర్భిణికైనా ఎవరికైనా.

గ్రహణం వేళ దేవుడి గుడే మూసేస్తారు, అంత ప్రమాదం లేకపోతే ఎందుకు మూస్తారని మీ అత్తగారు అడగవచ్చు. 2025 సెప్టెంబరు 7 నాటి చంద్రగ్రహణానికి తిరుమల ఆలయాన్ని మధ్యాహ్నం మూడున్నరకు మూసి, మర్నాడు తెల్లవారుజామున మూడింటికి తెరిచారు. అదే జిల్లాలో శ్రీకాళహస్తి గ్రహణం వేళ తెరిచే ఉంటుంది, స్వామికి, అమ్మవారికి అభిషేకాలూ జరుగుతాయి. గుడి మూయడం అశౌచాన్ని పాటించడం, ప్రమాద సూచన కాదు.

ఆ సెప్టెంబరు గ్రహణాన్నే ఉదాహరణగా తీసుకుంటే మీ లెక్క తేలిపోతుంది. రాత్రి 9.57కు పట్టి 1.26కు విడిచింది. మూడు జాముల లెక్కన మధ్యాహ్నం ఒంటిగంట లోపు భోంచేసినవారు అర్ధరాత్రి దాటేదాకా ఆగాలి. ఒకటిన్నర జాము లెక్కన మీలాంటివారు సాయంత్రం అయిదున్నర దాకా సుఖంగా తినవచ్చు. ఆ తర్వాత దర్భ వేసిన పాలు, పళ్లు, నీళ్లు ఉండనే ఉంటాయి. ఆ రాత్రి మా అమ్మాయి, 2010లో నా కడుపులో ఉన్న పిల్లే, నన్ను డాబా మీదికి లాక్కెళ్లింది. చంద్రుడు సాంతం నీడలోకి వెళ్లాక రాగి రంగుకు తిరిగాడు. భూమి చుట్టూ ఉన్న గాలిపొర ఎర్ర వెలుగును వంచి అక్కడికి చేరవేయడం వల్ల అలా కనిపిస్తుందని తనే నాకు చెప్పింది. చూసి వచ్చి ఇద్దరం స్నానం చేసి జపానికి కూర్చున్నాం.

నక్షత్ర శాంతి గురించి. జన్మ నక్షత్రంలో గ్రహణం పడితే దానం చేయడం ఉన్నదే. చంద్రగ్రహణమైతే బియ్యం, రాహువు పట్టితే మినుములు, కేతువు పట్టితే ఉలవలు, శక్తి ఉంటే చిన్న వెండి చంద్రబింబం, నాగ ప్రతిమ. మా నాన్నగారు బియ్యం, ధాన్యం, దక్షిణతోనే సరిపెట్టేవారు, అవి కూడా విడుపు స్నానం అయ్యాక, మర్నాడు పొద్దున్న ఇవ్వమనేవారు. వేలకు వేలు పెట్టి, ఐదో నెలలో మిమ్మల్ని హోమం పొగలో గంటల తరబడి కూర్చోబెట్టనక్కరలేదు.

అత్తగారితో మాత్రం వాదం పెట్టుకోవద్దు. ఆవిడకు ఉన్నది మనవడో మనవరాలో క్షేమంగా పుట్టాలన్న ఆరాటం. దర్భలు తెప్పించి ఆవిడ చేతే వేయించండి, స్నానాలు గోరువెచ్చని నీళ్లతో చేయండి, జపం ఇద్దరూ కలిసి చేయండి, కత్తిపీట ఆ కాసేపు పక్కన పెడితే మీకు పోయేదేమీ లేదు. తిండి, నీళ్లు, పడక, ఈ మూడింటి దగ్గర మాత్రం తగ్గకండి. ధర్మసింధువు మాటను మీ ఇంటి పురోహితుడి నోట చెప్పిస్తే ఆవిడ తప్పక వింటారు. మీకు షుగరు గానీ, రక్తపోటు గానీ ఉంటే ఒక పూట కూడా మానకూడదు. ఈ నెల పరీక్షకు వెళ్లేటప్పుడు అత్తగారిని వెంట తీసుకెళ్లి, గ్రహణం రాత్రి ఎన్నింటికి ఏం తినాలో ఆవిడ ఎదుటే డాక్టరుగారిని అడగండి.